ట్రఫాల్గర్ స్క్వేర్ క్రిస్మస్ చెట్టు: పలచగా ఉందని తిట్టే ముందు

లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో డిసెంబర్‌లో నిలబెట్టే చెట్టు మీద ఏటా అదే ఫిర్యాదు. బక్కగా ఉంది, కొమ్మల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తోంది, లైట్లు చాల్లేదు. 2021లో ఈ గోల మరీ ముదిరి, దారిలో సగం కొమ్మలు రాలిపోయాయా అంటూ సోషల్ మీడియాలో దాన్ని ఏకిపారేశారు. పక్కన న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్ చెట్టు ఫొటో పెట్టి చూపిస్తే ఎవరైనా ఆ మాటే అంటారు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. కంటికి ఇంపు అనే లెక్కలో దీనికి పదికి ఐదు దాటి ఇవ్వలేం. నలుగురూ ఒకచోట చేరడానికీ, రెండు దేశాల మధ్య స్నేహానికీ గుర్తుగా నిలబడడం అనే లెక్కలో మాత్రం దీనికి పదికి పది. అమెరికాలోని బోస్టన్ చెట్టు ఒక్కటే దీనికి దగ్గరగా వస్తుంది, దాని కథ తర్వాత చెప్తాం. తమాషా ఏమిటంటే ఆ ఐదుకీ ఈ పదికీ కారణం ఒక్కటే. ఒక ఊరు తన అడవిలో పెరిగిన చెట్టునే కొట్టి, ఇంకో ఊరికి బహుమతిగా పంపుతోంది. అడవిలో పెరిగిన చెట్టు అడవి చెట్టులాగే ఉంటుంది.

టికెట్ లేదు, గేటు లేదు, ముందే బుక్ చేసుకునే పని లేదు. డిసెంబర్ మొదటి గురువారం సాయంత్రం లైట్లు వెలిగిస్తారు, జనవరి 5, 6 తేదీల దాకా ఉంచుతారు. ఈ నెల రోజుల్లో ఎప్పుడైనా వెళ్లి చూడొచ్చు.

దీని వెనక కథ పొడవైంది కాదు, కానీ అది తెలియకుండా చూస్తే మిగిలేది ఒక పలచటి చెట్టే. 1940 ఏప్రిల్ 9న జర్మనీ నార్వే మీద పడింది. జూన్ 7న రాజు ఏడవ హాకోన్, ఆయన ప్రభుత్వం ట్రోమ్‌సో రేవులో ఓడెక్కి బ్రిటన్ చేరారు. ఆ తర్వాత ఐదేళ్లు నార్వే ప్రభుత్వం లండన్ నుంచే నడిచింది. రాజు మళ్లీ సొంత నేల మీద కాలు పెట్టింది సరిగ్గా ఐదేళ్లకి, 1945 జూన్ 7న. ఆ ఆశ్రయాన్ని మర్చిపోలేదని చెప్పడానికి 1947 నుంచి నార్వే రాజధాని ఓస్లో ఏటా ఒక చెట్టు పంపుతోంది. చెట్టు మొదలు దగ్గర ఉండే ఫలకం మీద ఆ సంగతి రెండే ముక్కల్లో ఉంటుంది: 1940 నుంచి 45 దాకా చేసిన సాయానికి లండన్ ప్రజలకు నార్వే కృతజ్ఞత అని, 1947 నుంచి ఏటా ఇస్తున్నామని. అందులో శత్రువు పేరు లేదు, గెలుపు ఊసు లేదు. చుట్టూ చూస్తే మాత్రం ఆ చౌకు పేరే 1805 నాటి నౌకాయుద్ధం పేరు, మధ్యలో స్తంభం మీద నిలబడింది నౌకాసేనాని నెల్సన్. అంత యుద్ధ వాసన ఉన్న చోట థాంక్యూ అని రాసి ఉన్న వస్తువు ఇదొక్కటే.

ఇక చెట్టు సంగతి. ఇది నార్వే స్ప్రూస్ అనే సూదాకుల జాతి. ఓస్లో చుట్టూ ఉన్న అడవుల్లో నెలల ముందు, ఒక్కోసారి ఏళ్ల ముందే దీన్ని గుర్తు పెట్టుకుంటారు. వయసు సాధారణంగా 50 నుంచి 60 ఏళ్లు, ఎత్తు 20 మీటర్ల పైచిలుకు. ఎంచుకున్నాక దాని చుట్టూ ఉన్న మొక్కల్ని కొట్టి చోటు చేస్తారు, అన్ని వైపుల నుంచీ వెలుతురు తగలడానికి. అక్కడి అటవీ సిబ్బంది ఈ చెట్టుని అడవి రాణి అంటారు. ఆ రాణి లండన్ వచ్చేసరికి జనం ముఖం చిట్లించడానికి కారణం తెలియాలంటే స్ప్రూస్ ఎలా పెరుగుతుందో చూడాలి.

నార్వే స్ప్రూస్ ఏటా మాను చుట్టూ ఒక వరుస కొమ్మలు వేస్తుంది, గొడుగు కమ్మీల్లా. రెండు వరుసల మధ్య ఉన్న దూరం అది ఆ ఏడాది ఎదిగిన ఎత్తు. 20 మీటర్లని 55 ఏళ్లతో భాగిస్తే ఏడాదికి సుమారు 36 సెంటీమీటర్లు. అది సగటు మాత్రమే. మొలక దశలో ఎదుగుదల నెమ్మది, నడి వయసులో జోరు. పక్క చెట్లతో పోటీ పడి వెలుతురు కోసం పైకి లాగే కాలంలో వరుసల మధ్య ఖాళీ అర మీటరు కూడా ఉండొచ్చు. ఆ ఖాళీల్లో చిన్న రెమ్మలు కొన్ని ఉంటాయి గానీ దూరం నుంచి అవి లెక్కకి రావు. మీరు స్క్వేర్‌లో నిలబడి ఫిర్యాదు చేసేది ఈ ఖాళీల గురించే. దగ్గరికెళ్లి ఒక్క పెద్ద కొమ్మని చూడండి. దాని నుంచి సన్న రెమ్మలు దువ్వెన పళ్లలా కిందికి వేలాడుతుంటాయి. ముదిరిన స్ప్రూస్‌కి అది సహజమైన తీరు, వాడిపోయిన గుర్తు కాదు.

రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో పెట్టేది కూడా సాధారణంగా ఇదే జాతి, నార్వే స్ప్రూసే! తేడా అంతా అది పెరిగిన చోటులో ఉంది. న్యూయార్క్ వాళ్లు వెతికేది ఎక్కువగా ఇళ్ల పెరళ్లలో, ఎవరో దశాబ్దాల కిందట అలంకారానికి నాటిన ఒంటి చెట్ల కోసం. చుట్టూ పోటీ లేని చెట్టుకి నాలుగు వైపులా ఎండ తగులుతుంది, కింది కొమ్మలు చావవు, అడుగు దాకా గుబురుగా నిండుతుంది. 2020లో ఒనియాంటా నుంచి తెచ్చిన చెట్టు ఎత్తు 75 అడుగులు, అడ్డం 45 అడుగులు, బరువు 11 టన్నులు. అడవిలో ఆ అడ్డం రావడం కల్ల. నీడలో పడ్డ కింది కొమ్మల్ని చెట్టే వదిలేసుకుంటుంది. ముందుగా చుట్టూ చోటు చేసినా అప్పటికే పోయిన కొమ్మలు తిరిగి రావు, ఉన్నవి కాస్త గుబురవుతాయి అంతే.

కాబట్టి ఈ రెండు చెట్ల ఫొటోలు పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం. ఓస్లో వాళ్లు ఎవరి పెరట్లోనో ఉన్న గుబురు చెట్టు కొని పంపొచ్చు కదా అంటే, పంపొచ్చు. అప్పుడది ఓస్లో అడవి చెట్టు కాకుండా పోతుంది.

సూదాకులు రాలిపోయి పలచబడిందనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. ఇందులో పావు వంతు నిజం ఉంది. కొట్టిన స్ప్రూస్ వేడి గదిలో పెడితే ఆకులు త్వరగా రాలుస్తుంది, ఫర్ జాతి చెట్లు అంత త్వరగా రాల్చవు. ఇంట్లోకి స్ప్రూస్ కొనొద్దని అమ్మేవాళ్లే చెప్పేది అందుకే. కానీ లండన్ డిసెంబర్ చల్లగా తేమగా ఉంటుంది, బయట నిలబెట్టిన చెట్టు నెల రోజులు తట్టుకోగలదు. అనుమానం ఉంటే చెట్టు కింద నేల చూడండి. పచ్చటి సూదాకుల పరుపు కనపడకపోతే చెట్టు రాల్చలేదన్నమాట, అది మొదటి నుంచీ అంతే.

అసలు నష్టం ప్రయాణంలో జరుగుతుంది. నవంబర్‌లో అడవిలో చిన్న వేడుక చేసి చెట్టు కొడతారు. ఓస్లో మేయర్, వెస్ట్‌మినిస్టర్ లార్డ్ మేయర్, నార్వేలోని బ్రిటిష్ రాయబారి ఆ వేడుకకి వస్తారు. తర్వాత ఓడలో సముద్రం దాటి, లారీ మీద లండన్ చేరుతుంది. లారీలో పట్టాలంటే కొమ్మలన్నిటినీ మానుకి దగ్గరగా లాగి తాళ్లతో కట్టక తప్పదు. పచ్చి కొమ్మ వంగుతుంది, గడ్డకట్టిన కొమ్మ మాత్రం విరుగుతుంది. లారీ మీద చెట్టు పడుకునే వైపు బరువంతా కింది కొమ్మల మీదే పడుతుంది కాబట్టి, నిలబెట్టాక ఒక పక్క మరో పక్క కన్నా అణిగినట్టు కనిపించడం ఏ పెద్ద చెట్టుకైనా మామూలే. కట్లు విప్పగానే కొమ్మలు వాటి పాత చోటికి దిగవు, రోజులు పడుతుంది. 2020లో న్యూయార్క్ చెట్టు దిగిన రోజు దాన్నీ ఇలాగే వెక్కిరించారు. కొమ్మలు దిగి లైట్లు పడ్డాక ఆ మాటలు సద్దుమణిగాయి. ఆ ఏడాది కట్లలో చిక్కుకుని ఒక చిన్న గుడ్లగూబ కూడా న్యూయార్క్ చేరింది, దాన్ని కాపాడి వదిలారు. జనానికి చెట్టు కన్నా అదే ఎక్కువ గుర్తుంది. మా సలహా: లండన్ చెట్టుని మొదటి రోజు ఫొటోలు చూసి తేల్చేయకండి. లైట్లు వెలిగిన వారం తర్వాత వెళ్లండి.

నిలబెట్టే పద్ధతి మాకు బాగా నచ్చింది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. హైడ్రాలిక్ క్రేన్‌తో ఎత్తి, మాను మొదలుని కనీసం నాలుగు అడుగుల లోతున్న పీఠంలోకి దించుతారు. చుట్టూ ఓ డజను బిగింపు చెక్కలు కొట్టి బిగిస్తారు. అంతే. చుట్టూ లాగి కట్టే తీగలు లేవు, పక్క ఊతాలు లేవు. పని కొన్ని గంటల్లో అయిపోతుంది. లెక్క చూస్తే గుండె ఝల్లుమంటుంది: పైన 20 మీటర్లు, లోపల 1.2 మీటర్లు. పైన పదహారు వంతులకు పైగా ఉంటే లోపల ఉన్నది ఒక వంతు. గాలి పై కొమ్మల్ని తోసినప్పుడు ఆ తోపు అంతా ఈ నాలుగు అడుగుల మీదికే వస్తుంది. ఇక్కడ చెట్టు పలచదనం ఉపయోగపడుతుంది. సందులున్న చెట్టులోంచి గాలి దూరిపోతుంది, గుబురు చెట్టు తెరచాపలా గాలిని పట్టుకుంటుంది. తీగలు లేకపోవడం వల్ల చూసేవాళ్లకి ఇంకో లాభం, ఏ వైపు నుంచి ఫొటో తీసినా అడ్డం గీతలు పడవు.

తీగలు కడితే భద్రం అనుకోవడానికీ లేదు. వాషింగ్టన్‌లో వైట్ హౌస్ దక్షిణాన ఎలిప్స్ మైదానంలో పెట్టే నేషనల్ క్రిస్మస్ ట్రీ 2023 నవంబర్ 28న, వెలిగించే వేడుకకి రెండు రోజుల ముందు, ఈదురుగాలికి పక్కకి ఒరిగి పడిపోయింది. అది 40 అడుగుల నార్వే స్ప్రూస్. తెగిన తీగ మార్చి, క్రేన్‌తో అదే సాయంత్రానికి మళ్లీ నిలబెట్టారు. వేళ్లతో నాటిన చెట్టు మేలు కదా అంటే, అక్కడ అదీ చూశారు. 1978లో తెచ్చి నాటిన నీలి స్ప్రూస్ ముప్పై ఏళ్లకు పైగా నిలబడి 2011 ఫిబ్రవరిలో గాలికి కూలింది. దాని స్థానంలో పెట్టింది మరుసటి ఏడాదే చచ్చిపోయింది. ఎదిగిన చెట్టుని వేళ్లతో పెకలించి తెస్తే వేళ్లలో చాలా భాగం పాత చోటే ఉండిపోతుంది, మిగిలిన వేళ్లు అంత పెద్ద చెట్టుకి నీళ్లు అందించలేవు.

లైట్ల దగ్గర మా అభిప్రాయం మిశ్రమం. నార్వే పద్ధతిలో లైట్లని చెట్టు చుట్టూ తిప్పరు. శిఖరం నుంచి అడుగు దాకా నిలువుగా, సీరియల్ సెట్లు వేలాడదీసినట్టు వదులుతారు. రంగులు లేవు, మెరిసి ఆరడం లేదు, తెల్లటి బల్బులే. సంప్రదాయంగా సంఖ్య 500. రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో సుమారు 50,000 బల్బులు, ఐదు మైళ్ల వైరు. అంటే నూరు రెట్లు. ఐదు మైళ్లంటే ఎనిమిది కిలోమీటర్లు, బల్బుకీ బల్బుకీ మధ్య దూరం 16 సెంటీమీటర్లే పడుతుంది. అంత దగ్గరగా కట్టాలంటే చెట్టు చుట్టూ పరంజా కట్టి, ఒక్కో కొమ్మకీ మాను దగ్గర నుంచి కొస దాకా వైరు చుట్టాలి. లండన్‌లో ఆ ప్రయత్నమే లేదు.

నిలువు వరుసల్లో ఉన్న చిక్కు ఇది. పైన శిఖరం దగ్గర వరుసలన్నీ కలిసి ఉంటాయి, కిందికొచ్చే కొద్దీ విచ్చుకుంటాయి. చెట్టు అడుగున అడ్డం ఆరు మీటర్లనుకుంటే చుట్టుకొలత దాదాపు 19 మీటర్లు. ఇరవై వరుసలు వేసినా వరుసకీ వరుసకీ మధ్య మీటరు చీకటి మిగులుతుంది. కళ్లు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి కాబట్టి దగ్గర నిలబడ్డవాడికి చెట్టు కన్నా చీకటే ఎక్కువ కనిపిస్తుంది. అరవై, డెబ్బై మీటర్లు వెనక్కి వెళ్తే గీతలు దగ్గరపడి గుడారంలా ఒక ఆకారం తేలుతుంది. ఈ చెట్టుని దూరం నుంచి చూడాలి. పగలు చూస్తే మాత్రం పలచటి కొమ్మల మీద వైర్లు నల్లగా తేలి, చెట్టుని కట్టిపడేసినట్టు ఉంటుంది. పగటి ఫొటోలు చూసి తిట్టేవాళ్లని తప్పుపట్టలేం.

ఖర్చు వైపు నుంచి చూస్తే లండన్‌దే పైచేయి. 2008లో తక్కువ వాటేజీ హాలొజెన్ బల్బులు వాడినప్పుడు చెట్టు మొత్తానికి 3.5 కిలోవాట్లు సరిపోయింది, అంటే బల్బుకి 7 వాట్లు. రోజుకి పది గంటలు వెలిగినా 35 యూనిట్లు. రాక్‌ఫెల్లర్ సెంటర్ 2007లో ఎల్ఈడీలకి మారాక రోజు వాడకం 3,510 యూనిట్ల నుంచి 1,297 యూనిట్లకి దిగింది. తగ్గిన తర్వాత కూడా న్యూయార్క్‌లో ఒక్క రోజు కరెంటుతో లండన్ చెట్టు హాలొజెన్లతోనే ముప్పై ఏడు రోజులు వెలుగుతుంది. అంటే సీజన్ మొత్తం గడిచిపోయి ఇంకా కాస్త మిగులుతుంది.

చెట్టు చిన్నదిగా అనిపించడానికి ఇంకో కారణం పొరుగు. నెల్సన్ స్తంభం ఎత్తు 51.6 మీటర్లు. 20 మీటర్ల చెట్టు దాని పక్కన సగానికి కూడా రాదు. అదే చెట్టుని రెండంతస్తుల ఇళ్ల మధ్య పెడితే తల ఎత్తి చూస్తారు. కాబట్టి స్తంభం నేపథ్యంలో వచ్చేలా ఉత్తరం వైపు నుంచి ఫొటో తీస్తే చెట్టు మరుగుజ్జులా వస్తుంది. దక్షిణం వైపు, స్తంభాన్ని వీపు వెనక ఉంచుకుని నిలబడి, ఉత్తరాన ఉన్న నేషనల్ గ్యాలరీ వైపు చూడండి. గ్యాలరీ భవనం అడ్డంగా పొడవుగా, ఎత్తు తక్కువగా ఉంటుంది. దాని ముందు చెట్టు నిటారుగా నిలబడుతుంది, ఫౌంటెన్ నీళ్లలో నీడ కూడా దొరుకుతుంది. మనుషుల గుంపుతో కలిపి చూడాలంటే గ్యాలరీ ముందు తిన్నె మీది నుంచి, వెడల్పాటి మెట్ల పైనుంచి చూడండి. ఈమధ్య ఏళ్లలో స్క్వేర్‌లో క్రిస్మస్ మార్కెట్ దుకాణాలు కూడా పెడుతున్నారు. వాటి వెలుగు ముందు ఈ 500 బల్బులు వెలవెలబోతాయి. ఇది నిర్వాహకుల మీద మా పెద్ద ఫిర్యాదు. తక్కువ వెలుగే తన తీరుగా పెట్టుకున్న చెట్టు పక్కన దుకాణాల జిలుగులు వెలిగించడం ఏం న్యాయం?

వేళ: డిసెంబర్ మధ్యలో లండన్‌లో సూర్యుడు సాయంత్రం 3:50 ప్రాంతంలో దిగిపోతాడు. 4:05 నుంచి 4:30 మధ్య ఆకాశం ముదురు నీలంగా ఉన్నప్పుడు కొమ్మల అంచులూ లైట్లూ రెండూ కనిపిస్తాయి. ఈ చెట్టు నిజంగా బాగుండేది ఆ ఇరవై అయిదు నిమిషాలే. ఆ తర్వాత కొమ్మలు చీకట్లో కలిసిపోయి గీతలే మిగులుతాయి. ఛారింగ్ క్రాస్ స్టేషన్‌లో దిగితే అడుగుల దూరం, నార్తర్న్, బేకర్లూ లైన్లు రెండూ అక్కడ ఆగుతాయి. ఒక్క హెచ్చరిక: డిసెంబర్ 25న లండన్‌లో ట్యూబ్, బస్సులు, రైళ్లు నడవవు. పండగ రోజే చూద్దామని ప్లాన్ వేసుకునేవాళ్లు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటేనే వేసుకోవాలి, లేదంటే టాక్సీకి సిద్ధపడాలి.

వెలిగించే వేడుక గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. బ్యాండు, పాటలు, లార్డ్ మేయర్, స్విచ్. వేలమంది వస్తారు, ముందు వరుసలు తప్ప ఎవరికీ వేదిక సరిగా కనపడదు. దీనికన్నా తర్వాతి రోజుల్లో రకరకాల బృందాలు చెట్టు కింద నిలబడి ఛారిటీల కోసం పాడే కేరల్స్, అంటే క్రిస్మస్ పాటలు, మేలు. ఒక సాయంత్రం ఆఫీసు ఉద్యోగులు, ఇంకో సాయంత్రం ఇంకెవరో. అరగంట నిలబడి విని, డబ్బాలో రెండు మూడు పౌండ్లు వేసి వెళ్లిపోవచ్చు. 2009 నుంచి ఏటా చెట్టు కోసం ఒక కొత్త కవిత రాయించి, చుట్టూ బ్యానర్ల మీద వేస్తున్నారు. బ్యానర్ మీది కవిత కోసం చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేయొచ్చు. ఫలకం సంగతి వేరు. అది చిన్నది, కింద ఉంటుంది, సెల్ఫీల హడావిడిలో దాన్ని చదివేవాళ్లు తక్కువ. ఈ చెట్టుకున్న బలమంతా ఆ రెండు ముక్కల్లోనే ఉన్నప్పుడు వాటిని పది అడుగుల దూరం నుంచి కూడా చదవలేకపోతే ఎలా? అక్షరాలు పెంచండి, మీద ఒక దీపం పెట్టండి. కొత్త బల్బుల కన్నా ముందు చేయాల్సిన పని ఇది.

బోస్టన్ చెట్టు దీనికి తోబుట్టువు లాంటిది. 1917 డిసెంబర్ 6 ఉదయం కెనడాలోని హాలిఫాక్స్ రేవులో పేలుడు పదార్థాలతో నిండిన ఫ్రెంచ్ ఓడ మాంట్ బ్లాంక్, ఇమో అనే మరో ఓడ గుద్దుకున్నాయి. పేలుడులో సుమారు రెండు వేలమంది చనిపోయారు, దాదాపు తొమ్మిది వేలమంది గాయపడ్డారు. బోస్టన్ నుంచి ఆ రాత్రే సహాయ రైలు బయల్దేరింది. మరుసటి ఏడాది హాలిఫాక్స్ కృతజ్ఞతగా బోస్టన్‌కి ఒక చెట్టు పంపింది. తర్వాత చాలా ఏళ్లు ఆ మాట మరుగున పడింది. 1971లో హాలిఫాక్స్ ఉన్న రాష్ట్రం నోవా స్కోషియాలోని లూనెన్‌బర్గ్ కౌంటీ క్రిస్మస్ చెట్ల రైతులు మళ్లీ మొదలుపెట్టారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వమే ఆ బాధ్యత తీసుకుంది. బోస్టన్ కామన్ పార్కులో నిలబెడతారు. వెలిగించే రోజు హాలిఫాక్స్ పేలుడు తేదీకి అటూ ఇటూ దగ్గరగా వస్తుంది.

నోవా స్కోషియా వాళ్ల కొలతలు పక్కాగా ఉంటాయి: బాల్సమ్ ఫర్, తెల్ల స్ప్రూస్, ఎర్ర స్ప్రూస్ మూడింటిలో ఏదో ఒకటి. ఎత్తు 12 నుంచి 16 మీటర్లు. ఆరోగ్యంగా, రంగు బాగా ఉండాలి, గుబురు మధ్యస్థం నుంచి ఎక్కువ దాకా, నాలుగు వైపులా సమంగా ఉండాలి. ఆఖరి నిబంధన అన్నిటికన్నా ముఖ్యం: క్రేన్, ట్రెయిలర్ చేరే చోట ఉండాలి. అందుకే ఆ చెట్లు చాలావరకు రోడ్డు పక్క స్థలాల్లోంచి వస్తాయి, స్థలం వాళ్లు ఉచితంగా ఇస్తారు. కాబట్టి అవి లండన్ చెట్టు కన్నా పొట్టిగా ఉన్నా నిండుగా కనిపిస్తాయి. మూడు జాతుల్లో చూడముచ్చటగా ఉండేది బాల్సమ్ ఫర్, వాసన కూడా దానిదే. తెల్ల స్ప్రూస్ ఆకు నలిపితే కంపు కొడుతుంది, అక్కడి వాళ్లు దాన్ని పిల్లి స్ప్రూస్ అని కూడా పిలుస్తారు. ఏది ఫరో ఏది స్ప్రూసో తెలుసుకోవాలంటే ఒక సూదాకు వేళ్ల మధ్య దొర్లించండి. నాలుగు పలకలుగా ఉండి దొర్లితే స్ప్రూస్, బల్లపరుపుగా ఉండి దొర్లకపోతే ఫర్. పైన కోన్‌లు ఉంటే ఇంకా తేలిక, వేలాడితే స్ప్రూస్, నిటారుగా నిలబడితే ఫర్.

పెద్ద చెట్టుతో పాటు బోస్టన్‌లో ఇల్లు లేనివాళ్లకి ఆశ్రయమిచ్చే రోజీస్ ప్లేస్, పైన్ స్ట్రీట్ ఇన్‌లకి కూడా నోవా స్కోషియా చిన్న చెట్లు పంపుతుంది. ఈ ఒక్క విషయంలో బోస్టన్ లండన్‌ని దాటింది. కృతజ్ఞత నగర కూడలిలో ఆగిపోకుండా, అవసరంలో ఉన్నవాళ్ల గడప దాకా వెళ్తోంది.

వాషింగ్టన్ చెట్టు చుట్టూ రాష్ట్రాల పేర్లతో ఉన్న చిన్న చెట్ల బాటకి శాంతి మార్గం అనే పేరుంది. పేరు ఘనం, నడిస్తే బోర్డులు చదువుకుంటూ పోయే ప్రదర్శన లాగే ఉంటుంది. ఆ చెట్టు నిజంగా మాట్లాడింది వెలగనప్పుడే. 1979 డిసెంబర్‌లో టెహ్రాన్‌లో అమెరికా దౌత్య సిబ్బంది బందీలుగా ఉన్నారని శిఖరం మీది నక్షత్రం తప్ప మిగతా లైట్లు వెలిగించలేదు. 1980లో బందీలు గడిపిన రోజుకి ఒక సెకను చొప్పున 417 సెకన్లు వెలిగించి ఆర్పేశారు. 1981 జనవరి 20న వాళ్లు విడుదలయ్యాక మళ్లీ పూర్తిగా వెలిగించారు, అప్పటికి పండగ దాటిపోయి నెల కావస్తోంది.

రాక్‌ఫెల్లర్ సెంటర్‌ని ఎంత తిట్టినా దాని మొదలు మాత్రం గొప్పది. 1931లో, మాంద్యం రోజుల్లో, అక్కడ కట్టడం పనిలో ఉన్న కూలీలు తలా కొంత వేసుకుని 20 అడుగుల బాల్సమ్ ఫర్ తెచ్చి, ఇళ్లలో చేసిన దండలతో అలంకరించారు. ఇప్పుడు శిఖరాన 2018లో పెట్టిన స్వరోవ్‌స్కీ నక్షత్రం బరువే 900 పౌండ్లు. చూడాలంటే వెలిగించే రాత్రి వెళ్లకండి, తెల్లవారుజామున వెళ్లండి, జనం ఉండరు. క్రిస్మస్ రోజు ఇరవై నాలుగు గంటలూ వెలుగుతుంది, డిసెంబర్ 31న రాత్రి తొమ్మిదికే ఆర్పేస్తారు. ఆ సంగతి తెలియక అర్ధరాత్రికి వెళ్లి చీకటి చెట్టు చూసి వచ్చేవాళ్లు తక్కువేం కాదు.

పండగయ్యాక చెట్టు ఏమవుతుందన్న దగ్గర న్యూయార్క్‌దే పైచేయి. 2007 నుంచి ఆ మానుని కోసి, పలకలుగా మార్చి, పేదలకి ఇళ్లు కట్టే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీకి ఇస్తున్నారు. లండన్ చెట్టుని చిన్న ముక్కలుగా చెక్కి, మొక్కల పాదుల్లో పరిచే పొట్టుగా మారుస్తారు. 55 ఏళ్ల మాను, నాణ్యమైన కలప. అందులోంచి కనీసం ఒక బల్ల తయారు చేసి, ఫలకం మీది ఆ రెండు ముక్కలూ దాని మీద చెక్కి స్క్వేర్‌లో వేస్తే, జనవరి 6 తర్వాత వచ్చేవాళ్లకి కూర్చోవడానికైనా ఏదో ఒకటి ఉంటుంది.